ముప్పై నాలుగో అర్జీ

1787 సెప్టెంబరు 15, శనివారం. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా స్టేట్ హౌస్.

మే నెలాఖరు నుంచి ఈ హాల్లో ఏం జరుగుతోందో బయట ఎవరికీ తెలియదు. కిటికీలు మూసి ఉంటాయి, గుమ్మం దగ్గర కాపలా ఉంటుంది. వీధిలో బళ్ల చప్పుడు లోపలి మాటలకు అడ్డం రాకుండా మట్టి పోయించారు. వేసవి అంతా బరువైన కోట్లలో ఉడికిపోయిన పెద్దమనుషులకు ఇప్పుడు ఒకటే ధ్యాస, ఇంటికి పోవాలి. రాజ్యాంగం చిత్తుప్రతి అచ్చయి చేతుల్లోకి వచ్చింది. ఒక్కో అధికరణం చదవడం, ఏమన్నా ఉంటే దిద్దడం, తర్వాతిదానికి పోవడం. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతి వడ్డనలా సాగుతోంది వ్యవహారం.

అయిదో అధికరణం వచ్చింది. జార్జ్ మేసన్ లేచాడు.

వర్జీనియా ప్రతినిధి. 62వ ఏడు నడుస్తోంది. గౌట్ జబ్బు ఆయన్ని ఏళ్లుగా పీడిస్తోంది, కీళ్లు సహకరించవు. పొటోమాక్ నది ఒడ్డున గన్‌స్టన్ హాల్ అనే పెద్ద ఎస్టేటు ఉంది. అక్కడ పని చేసేది బానిసలు. బానిస వ్యాపారాన్ని ఇదే హాల్లో నిప్పులు చెరుగుతూ తిట్టిన మనిషి, తన బానిసలకు మాత్రం స్వేచ్ఛ ఇవ్వలేదు. ఈ వైరుధ్యాన్ని దాటేసి ఆయన కథ చెప్పడం కుదరదు. 1776లో వర్జీనియా హక్కుల ప్రకటన రాసింది కూడా ఆయనే. పదిహేను రోజుల కిందట, ఈ రాజ్యాంగం మీద ఉన్నదున్నట్టుగా సంతకం పెట్టడం కన్నా కుడిచెయ్యి నరుక్కోవడం నయమని సభలోనే అనేశాడు. మూడు రోజుల కిందట హక్కుల పట్టిక ఒకటి చేర్చండి, కొన్ని గంటల పని అంటే ఒక్క రాష్ట్రమూ కలిసిరాలేదు. సొంత వర్జీనియా కూడా.

ఇవాళ ఆయన వేలు పెట్టి చూపించిన చోటు చిన్నది. రాజ్యాంగానికి సవరణలు ప్రతిపాదించేది ఎవరు? చిత్తుప్రతి ప్రకారం కాంగ్రెస్. (ఈ కథలో కాంగ్రెస్ అంటే అమెరికా పార్లమెంటు, మన పార్టీ కాదు.) మూడింట రెండొంతుల రాష్ట్రాలు కలిసి అడిగినా సరే, సవరణ రాసి పంపాల్సింది మళ్లీ కాంగ్రెస్సే. రేపు ఆ కేంద్ర ప్రభుత్వమే జనం నెత్తినెక్కి కూర్చుంటే, దాన్ని దింపే సవరణ అదే తెస్తుందా? ఇలాగైతే జనానికి కావలసిన సవరణ ఎన్నటికీ రాదని మేసన్ వాదన. మన పల్లెల్లో అయితే దొంగ చేతికి తాళంచెవి ఇస్తారుటయ్యా అనేవారు. ఆయన ఎంత గొంతుతో అన్నాడో, ఎవరి వంక చూస్తూ అన్నాడో మనకు అందలేదు. అందినవాటిలో ప్రధానమైనవి ముందు వరసలో కూర్చుని రోజూ నోట్సు రాసుకున్న జేమ్స్ మాడిసన్ కాగితాలే. అసలు అభ్యంతరమొచ్చిన ఆ వాక్యం అయిదు రోజుల కిందట మాడిసన్ ప్రతిపాదించిందే. తన వాక్యం మీద వచ్చిన విమర్శను తానే రాసుకుంటున్నాడన్నమాట.

సహాయం అనుకోని వైపు నుంచి వచ్చింది. గూవెర్నర్ మోరిస్ (పేరే అది, పదవి కాదు) బలమైన కేంద్రం కావాలనే మనిషి. ఎడమకాలు పోయి కొయ్యకాలితో నడిచేవాడు. చిత్తుప్రతిలో చాలా భాగం ఆయన కలం నుంచి వచ్చిందే. మేసన్‌తో ఆయనకు చాలా విషయాల్లో పొత్తు కుదరదు. అలాంటి మోరిస్, మసాచుసెట్స్ ప్రతినిధి ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ కలిసి ఒక మార్పు తెచ్చారు. మూడింట రెండొంతుల రాష్ట్రాల శాసనసభలు అర్జీ పెట్టుకుంటే సవరణల కోసం కాంగ్రెస్ ఒక కన్వెన్షన్ పిలిచి తీరాలి. అంటే ఢిల్లీ దర్బారు లాంటి కాంగ్రెస్‌ని పక్కకు పెట్టి, రాష్ట్రాలు వేరే గదిలో కూర్చుని తమ సవరణలు తామే రాసుకోవచ్చు.

మాడిసన్ పెద్దగా అడ్డం చెప్పలేదు. ఒక్క సందేహం మాత్రం వెలిబుచ్చాడు. ఆ కన్వెన్షన్ ఏ రూపంలో ఉండాలి, కోరం ఎంత, ఇలాంటి చిక్కులు వస్తాయి కదా, రాజ్యాంగంలో వీటికి వీలైనంత వరకు తావివ్వకూడదు కదా అని. ఎవరైనా జవాబు చెప్పినట్టు ఆ నోట్సులో లేదు. మార్పు వ్యతిరేకత లేకుండా నెగ్గింది.

ఆ శనివారం మేసన్ గెలిచిందల్లా ఈ ఒక్క వాక్యమే. ఈ రాజ్యాంగాన్ని రాష్ట్రాలు చూసి మార్పులు చెప్పాక మళ్లీ ఇంకో సదస్సు పెట్టాలని వర్జీనియాకే చెందిన ఎడ్మండ్ రాండాల్ఫ్ కోరాడు, మేసన్ బలపరిచాడు. అన్ని రాష్ట్రాలూ కాదన్నాయి. ఆ తర్వాత జేకబ్ షాలస్ అనే గుమాస్తా నాలుగు పెద్ద తోలు కాగితాల మీద చక్కని దస్తూరీతో రాజ్యాంగం మొత్తం రాసిపెట్టాడు. కూలి 30 డాలర్లు. సోమవారం 39 మంది సంతకాలు చేశారు. హాల్లోనే ఉండి ముగ్గురు చెయ్యలేదు. మేసన్, రాండాల్ఫ్, గెర్రీ. అంటే రాష్ట్రాల కోసం ఆ దారి అడిగినవాడూ, దాన్ని తెచ్చినవాడూ కాగితానికి దూరంగా నిలబడ్డారు. మోరిస్ మాత్రం సంతకం పెట్టాడు.

మేసన్ మహాకోపంతో ఊరు విడిచాడని మాడిసన్ తర్వాత తన మిత్రుడు జెఫర్సన్‌కి ఉత్తరం రాశాడు. దారిలో బాల్టిమోర్ దగ్గర బండి బోల్తాపడి ముసలాయనకు దెబ్బలు కూడా తగిలాయి. ఎన్నో ఏళ్ల స్నేహితుడు, పొరుగువాడు జార్జ్ వాషింగ్టన్ ఆ తర్వాత ఆయన్ని మాజీ మిత్రుడని రాసుకున్నాడు.

ఇక్కడో సంగతి చెప్పకపోతే తర్వాతి 230 ఏళ్ల భయం అర్థం కాదు. 1787 ఫిబ్రవరి 21న నాటి కాంగ్రెస్ ఈ సదస్సును పిలిచింది ఒకే ఒక్క పనికి, అప్పటికి అమల్లో ఉన్న ఒడంబడికను సరిదిద్దడానికి. దాన్ని మార్చాలంటే పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. రోడ్ ఐలాండ్ అసలు మనిషినే పంపలేదు. గదిలోకి వెళ్లినవాళ్లు ఒడంబడికను పక్కన పెట్టేసి కొత్త రాజ్యాంగం రాశారు, అమలుకు తొమ్మిది రాష్ట్రాలు చాలని నిబంధన కూడా మార్చుకున్నారు. ఇంటికి సున్నం వెయ్యమని పంపితే పడగొట్టి కొత్తిల్లు కట్టి వచ్చారు. కట్టిన ఇల్లు బాగుంది, నిలిచింది, అది వేరే మాట. కానీ తలుపు వేసుకుని కూర్చున్న రాష్ట్రాల ప్రతినిధులు ఏం చెయ్యగలరో అమెరికాకు ఒకసారి అనుభవమైంది. మరోసారి ఆ తలుపు దాకా వెళ్లిన ప్రతివాడికీ అది గుర్తొస్తూనే ఉంది.

అందరికన్నా ముందు గుర్తొచ్చింది మాడిసన్‌కే. 1788 నవంబరులో వర్జీనియా శాసనసభ కొత్త వాక్యాన్ని పట్టుకుని మొదటి అర్జీ పెట్టింది. దాని వెనక ఉన్నది ప్యాట్రిక్ హెన్రీ, కేంద్రం పేరెత్తితే మండిపడే మహావక్త. ఆ నెలలోనే మాడిసన్ ఒక మిత్రుడికి రాశాడు, మొదటి సదస్సు కష్టాలూ గండాలూ కళ్లారా చూసినవాణ్ణి, రెండోదాని ఫలితం తలుచుకుంటే వణుకు వస్తుందని. న్యూయార్క్ కూడా అర్జీకి చేరింది. పదమూడు రాష్ట్రాల లెక్కన కావలసినవి తొమ్మిది.

1789 మే 4. న్యూయార్క్‌లో కొత్త కాంగ్రెస్. దిగువ సభ సభ్యుడిగా మాడిసన్ లేచి, హక్కుల సవరణలు తానే తెస్తానని నోటీసు ఇచ్చాడు. మర్నాడు, మే 5న, వర్జీనియా అర్జీ సభ ముందుకు వచ్చింది. ఒక్క రోజు తేడా. జూన్ 8న సవరణలు పెట్టాడు. మేసన్ కొన్ని గంటల పని అన్న హక్కుల పట్టిక 1791 డిసెంబరు 15 నాటికి రాజ్యాంగంలో భాగమైంది. కన్వెన్షన్ జరగలేదు. జరుగుతుందేమోనన్న బెదురు చాలింది. మేసన్ దాన్ని చూసి, 1792 అక్టోబరులో కన్నుమూశాడు.

తర్వాత వందేళ్ల పైచిలుకు దాటేస్తున్నాను. ఆ వాక్యం మళ్లీ గట్టిగా కదిలింది సెనేటర్ల ఎన్నిక దగ్గర. అప్పట్లో సెనేటర్లను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. అంటే కొద్దిమంది సభ్యుల్ని కొంటే చాలు, సెనేట్ సీటు జేబులో పడేది. 1910 ఏప్రిల్ ఆఖరున చికాగో ట్రిబ్యూన్ పత్రికలో ఒక ఇల్లినాయ్ శాసనసభ్యుడి ఒప్పుకోలు అచ్చయింది. విలియం లోరిమర్‌ని సెనేట్‌కి పంపడానికి వేసిన ఓటుకు తనకు 1,000 డాలర్లు ముట్టాయన్నాడు. 1912 జులైలో సెనేట్ లోరిమర్ ఎన్నికను రద్దు చేసి బయటికి పంపింది. ఈ గొడవకు ముందు నుంచే, ఏళ్లుగా దిగువ సభ ప్రత్యక్ష ఎన్నిక సవరణ పంపుతోంది, సెనేట్ తొక్కిపెడుతోంది. తన పీఠం కింద తానే గొయ్యి తవ్వుకోదు కదా, మేసన్ అన్నదీ అదే. రాష్ట్రాల అర్జీలు పోగవుతూ పోగవుతూ గడప దాకా వచ్చేసరికి సెనేట్ దిగివచ్చింది. వాళ్ల కన్వెన్షన్‌లో ఇంకేం రాస్తారో తెలియదు, దానికన్నా మనమే రాసుకుంటే మేలు. 1913 ఏప్రిల్ 8న 17వ సవరణ ఆమోదం పొందింది.

అసలు దగ్గరకంటా వచ్చింది మాత్రం ఇంకో యాభై ఏళ్లకు. ఈ ఘట్టం నాకు మహా ఇష్టం, ఎందుకంటే కథానాయకుడికి బంతిపూల పిచ్చి.

ఎవరెట్ డర్క్‌సన్. ఇల్లినాయ్ సెనేటర్, రిపబ్లికన్ల నాయకుడు. చెదిరిన జుట్టు, లోతైన గొంతు. ఆ గొంతుతో దేశభక్తి మాటలు రికార్డు చేస్తే గ్రామీ అవార్డు కూడా వచ్చింది. బంతిపువ్వును జాతీయ పుష్పం చెయ్యాలని ఏళ్ల తరబడి సభలో పోరిన మనిషి. మరో పోరు సుప్రీంకోర్టు మీద. 1964 జూన్‌లో కోర్టు ఒక తీర్పు చెప్పింది. రాష్ట్ర శాసనసభల రెండు సభల్లోనూ నియోజకవర్గాలు జనాభా లెక్కనే ఉండాలి, భూమి లెక్కన కాదు. అప్పటిదాకా కాలిఫోర్నియాలో 60 లక్షల జనమున్న లాస్ ఏంజెలెస్ కౌంటీకి రాష్ట్ర సెనేట్‌లో ఒక సీటు ఉంటే, 14 వేల చిల్లర జనమున్న కొండ కౌంటీలకు కూడా ఒక సీటే ఉండేది. పట్నాల వాళ్లకు తీర్పు పండగ. పల్లె కౌంటీల పెద్దలకు మాత్రం, మా శాసనసభ ఎలా ఉండాలో వాషింగ్టన్ చెప్పడమేమిటని మంట.

డర్క్‌సన్ 1965లో ఆ తీర్పుకు విరుగుడుగా సవరణ తెచ్చాడు. అనుకూలం 57, వ్యతిరేకం 39. మెజారిటీ ఉంది, మూడింట రెండొంతులు లేదు. 1966లో మళ్లీ తెచ్చాడు, 55, 38. మళ్లీ అదే. ఇక మిగిలిన దారి మేసన్ వాక్యమే.

ఆ పని చాలా నెమ్మదిగా జరిగింది. ఒక రాష్ట్రం తీర్మానం చేస్తుంది, వాషింగ్టన్‌కి టపాలో కాగితం వస్తుంది, గుమాస్తా రికార్డులోకి ఎక్కిస్తాడు, అంతే. ఎవరూ పట్టించుకోలేదు. 1967 మార్చిలో ఒక పొద్దున న్యూయార్క్ టైమ్స్ లెక్కపెట్టి అచ్చేసింది, 32 రాష్ట్రాలు అర్జీ పెట్టాయని. యాభైలో కావలసినవి 34. రాజధానికి నిద్ర వదిలింది. చడీచప్పుడు లేకుండా దేశం రెండో రాజ్యాంగ సదస్సుకు రెండడుగుల దూరానికి వచ్చేసింది.

అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు. ఇవన్నీ ఒకే మాటలున్న అర్జీలేనా? వేర్వేరు మాటలున్నవి కలిపి లెక్కపెట్టవచ్చా? పాతవి మురిగిపోతాయా? కన్వెన్షన్‌లో ఒక్కో రాష్ట్రానికి ఒక్క ఓటా, జనాభాను బట్టా? ఒక అంశానికే కట్టుబడమంటే కట్టుబడతారా? ఆ శనివారం మాడిసన్ అడిగి జవాబు రాక వదిలేసిన ప్రశ్నలే, 180 ఏళ్ల తర్వాత వడ్డీతో సహా వచ్చాయి. కొందరు సెనేటర్లు ఇంకో మెలిక పెట్టారు, అన్యాయపు సీట్ల లెక్కతో ఎన్నికైన శాసనసభలు ఆ లెక్కను కాపాడుకోవడానికి పెట్టిన అర్జీలు చెల్లుతాయా అని. రాజ్యాంగ పండితుడైన సెనేటర్ శామ్ ఎర్విన్ కన్వెన్షన్ నడిపే పద్ధతికి చట్టం ఉండాలని బిల్లు తెచ్చాడు. 1971లో సెనేట్ దాన్ని ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆమోదించింది. దిగువ సభలో అది అలాగే ఉండిపోయింది. అలాంటి చట్టం ఇప్పటికీ లేదు.

1969లో అయోవా అర్జీ పెట్టింది. 33.

ఇంకొక్కటి. ఒక్క రాష్ట్రం.

ఆ ఏడు సెప్టెంబరు 7న డర్క్‌సన్ చనిపోయాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసిన కొద్దిరోజులకే. 34వది రాలేదు. అప్పటికే కోర్టు తీర్పు ప్రకారం రాష్ట్రాల్లో సీట్లు సర్దేశారు, కొత్త లెక్కతో కొత్త సభ్యులు వచ్చేశారు. తాము ఎన్నికైన పద్ధతినే తప్పంటూ వాళ్లెందుకు అర్జీ పెడతారు? కొన్ని రాష్ట్రాలు పెట్టినవి కూడా వెనక్కి లాక్కున్నాయి. బంతిపువ్వు కూడా జాతీయ పుష్పం కాలేదు, 1986లో ఆ గౌరవం గులాబీకి దక్కింది.

నాలుగోసారి అంశం అప్పు. కేంద్రం రాబడికి మించి ఖర్చు పెట్టకూడదు, బడ్జెట్ సమతూకంగా ఉండాలి, దానికి సవరణ కావాలి. 1975 నుంచి అర్జీలు మొదలై, 1979 జనవరిలో కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్, డెమోక్రాట్ అయ్యుండి, కన్వెన్షన్‌కి సై అనేసరికి వేడెక్కింది. 1982లో సెనేట్ అలాంటి సవరణను 69–31తో ఆమోదించింది, దిగువ సభలో చాలినన్ని ఓట్లు రాలేదు. 1983లో మిస్సోరీ 32వ రాష్ట్రంగా చేరింది. లెక్క అక్కడ ఆగి, 1988 నుంచి వెనక్కి నడిచింది. ఆ ఏడు అలబామా, ఫ్లోరిడా అర్జీలు ఉపసంహరించుకున్నాయి.

వెనక్కి నడిపించినది ఒక పార్టీ కాదు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా రిటైరైన వారెన్ బర్గర్ 1988 జూన్‌లో ఒక ఉత్తరం రాశాడు. కన్వెన్షన్ ఒకసారి కూర్చుంటే దాని నోరు కట్టెయ్యడానికి మార్గం లేదని, 1787 వాళ్లు కాంగ్రెస్ పెట్టిన హద్దు దాటినట్టే వీళ్లూ దాటవచ్చని దాని సారాంశం. ఆ ఉత్తరం అందుకున్నది ఫిలిస్ ష్లాఫ్లీ, కరడుగట్టిన సంప్రదాయవాది. స్త్రీల సమాన హక్కుల సవరణ వద్దని దేశమంతా తిరిగి దాన్ని ఆపిన మనిషి. కేంద్రం మీద ఆమెకూ ప్రేమ లేదు, కానీ కన్వెన్షన్‌లో ఉదారవాదులు చొరబడతారని భయం. ఉదారవాదులకేమో అందులో ష్లాఫ్లీ లాంటి వాళ్లు చొరబడతారని భయం. ఎదురుబొదురు ఇళ్లవాళ్లు ఒకే పామును చూసి తలుపులు వేసుకున్నట్టు.

తెలుగువాడికి ఇక్కడ మన 169వ అధికరణం గుర్తుకు రాక మానదు. శాసనమండలి వద్దని రాష్ట్ర శాసనసభ తీర్మానించి పంపవచ్చు, రద్దు చెయ్యడం మాత్రం పార్లమెంటు ఇష్టం. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అలాగే తీర్మానం పంపింది. ఢిల్లీలో అది కదల్లేదు. 2021 నవంబరులో అదే శాసనసభ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఇక రాజ్యాంగ సవరణ సంగతికొస్తే, మన రాష్ట్రాలకు ప్రతిపాదించే దారే లేదు. 368 ప్రకారం బిల్లు పుట్టేది పార్లమెంటులోనే, కొన్నిటికి సగం రాష్ట్రాల ఆమోదం కావాలి, అంతవరకే. మేసన్ పట్టుబట్టింది ఈ తేడా కోసమే. అమెరికా వాక్యంలో కాంగ్రెస్ పిలవవచ్చు అని లేదు, పిలవాలి అని ఉంది. కాంగ్రెస్‌కి ఇందులో ఇష్టాయిష్టాలు ఉండవని 1787 సదస్సు ప్రతినిధుల్లో ఒకడైన హామిల్టన్ ఆనాడే రాశాడు. కానీ 34 వచ్చాయా లేదా అని లెక్కపెట్టేది ఎవరు? ఆ కాంగ్రెస్సే. తాళంచెవి మళ్లీ అక్కడికే చేరింది.

2016 సెప్టెంబరు. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్.

పాతకాలపు ఇళ్లు, గుర్రపుబళ్లు అలాగే నిలిపి ఉంచిన ఊరు. 1776 జూన్‌లో మేసన్ హక్కుల ప్రకటనను వర్జీనియా ప్రతినిధులు ఆమోదించింది ఇక్కడే. ఇప్పుడు 50 రాష్ట్రాల నుంచి వందకు పైగా శాసనసభ్యులు దిగారు. ‘కన్వెన్షన్ ఆఫ్ స్టేట్స్’ అనే ఉద్యమం పెట్టిన రిహార్సల్ ఇది. ఉద్యమం 2013లో మార్క్ మెక్‌లర్, మైకేల్ ఫారిస్ మొదలుపెట్టింది. కేంద్రం ఖర్చుకు కళ్లెం, దాని అధికారాలకు హద్దు, పదవులకు కాలపరిమితి, ఈ మూడూ ఒకే అర్జీలో. 2014 మార్చిలో జార్జియా మొదట పెట్టింది.

రిహార్సలే అయినా తమాషాగా లేదు. రాష్ట్రానికి ఒక ఓటు, 1787లో లాగే. కమిటీలు, చర్చలు, దిద్దుబాట్లు. మూడు రోజుల్లో సవరణలు రాసేశారు. ఉభయ సభల్లో మూడింట రెండొంతులు ఒప్పుకుంటే తప్ప దేశం అప్పు పెరగకూడదు. అయిదింట మూడొంతుల రాష్ట్రాలు కలిస్తే కేంద్ర చట్టాన్ని కొట్టెయ్యవచ్చు. చూశారా, హద్దు దాటకుండా పని ముగించాం, ఇక భయమెందుకు అన్నారు నిర్వాహకులు. రిహార్సల్లో ఎవరూ గొడవ పడరు, నిజం పెళ్లిలో చూడాలి అన్నారు కాదనేవాళ్లు. రాసిన కాగితాలకు చట్టం ముందు విలువ లేదు. సామాను సర్దుకుని ఎవరి రాష్ట్రానికి వాళ్లు వెళ్లిపోయారు.

2022లో విస్కాన్సిన్, నెబ్రాస్కా, వెస్ట్ వర్జీనియా, సౌత్ కరోలినా చేరి లెక్క 19 అయింది. ఆ పంతొమ్మిదిలో వర్జీనియా లేదు. 1788లో మొట్టమొదటి అర్జీ పెట్టిన ఆ రాష్ట్రం, అంతకుముందు తాను పెట్టినవన్నీ రద్దు చేసుకుంటున్నట్టు 2004లో తీర్మానం చేసింది.